నెల జీతమా, పలాసలో జీడి పరిశ్రమా?

హైదరాబాద్ ఐటీ ఉద్యోగంలో నెల తిరిగేసరికి జీతం పడుతుంది, భవిష్య నిధి జమవుతుంది. దాని గురించి ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

పలాసలో జీడి పరిశ్రమ లెక్క వేరు. ఉద్దానం తోటల పంట వేసవిలోనే చేతికొస్తుంది. ఏడాదికి సరిపడా స్థానిక జీడి పిక్కలు (పెంకుతో ఉన్న గింజలు) అప్పుడే కొనాలి, డబ్బంతా గోదాములో బస్తాలుగా కూర్చుంటుంది. సుమారు నాలుగు కిలోల పిక్కలకు దక్కేది కిలో పప్పు. అందులోనూ విరగని గుండు పప్పుకే మంచి ధర. ఒలిచేటప్పుడు విరిగితే బద్దల రేటే. (ఉద్యోగంలో ఇలాంటి తప్పుకు మందలింపుతో సరిపోతుంది!) అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచుకోకుండా నేనైతే రాజీనామా రాయను. చిన్న ఆహారశుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది. అయితే ముందు బ్యాంకు రుణం మంజూరు కావాలి.