క్రోస్తొలికి చేత్తో తిప్పే పాస్తా మెషీన్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

కార్నెవాలేకి (ఈస్టర్ ముందటి ఉపవాసాలు మొదలయ్యేలోపు వచ్చే పండుగకి) క్రోస్తొలి, అంటే పలుచగా ఒత్తిన తీపి పిండిని నూనెలో వేయించిన ముక్కలు, చేయాలంటే పిండిని రోలర్ల మధ్య పలుచగా ఒత్తే పాస్తా మెషీన్ కొనాలా, అప్పడాల కర్ర సరిపోదా అని ఇటలీకి కొత్తగా వచ్చిన మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. మా అత్తగారిది వెనెతో ప్రాంతం, ట్రెవీజో దగ్గర పల్లె. జొవెదీ గ్రాస్సో గురువారం నుంచి మార్తెదీ గ్రాస్సో మంగళవారం దాకా, అంటే విభూది బుధవారంతో తపస్సు కాలం మొదలయ్యేలోపు, ఆ ఇంటికి ఎవరొచ్చినా పళ్లెంలో క్రోస్తొలి ఉండాల్సిందే. చాలా ఏళ్లుగా అక్కడ ఆ మెషీన్ తిప్పేది నేనే, అందుకే చెప్తున్నా: ఇంటిల్లిపాదికీ చేసేవాళ్లైతే కొనేయండి.

ఎందుకంటే ఈ వంటలో అసలు సంగతంతా పలుచదనంలోనే ఉంది. వీటినే రోమ్‌లో ఫ్రాప్పె అంటారు, టస్కనీలో చెంచి, మిలాన్‌లో కియాక్కెరె, వెనిస్‌లో గలాని, పిండి మాత్రం దాదాపు ఒకటే. మేం అర కిలో మైదాకి మూడు గుడ్లు, 50 గ్రాముల వెన్న, 70 గ్రాముల పంచదార, నిమ్మతొక్క తురుము, చిటికెడు ఉప్పు, చిన్న గ్లాసుడు గ్రాప్పా (ద్రాక్ష పిప్పితో చేసే ఇటలీ సారా) వేస్తాం. గ్రాప్పా వేడి నూనెలో చటుక్కున ఆవిరైపోతూ పిండిని పొంగిస్తుంది. పిల్లల కోసం దాని బదులు నారింజ రసం పోసి చేస్తే రుచి బాగానే వచ్చింది, బుడగలు మాత్రం తగ్గాయి. ముద్దని అరగంట మూతపెట్టి ఉంచాలి, లేకపోతే సాగదీసిన పిండి మళ్లీ వెనక్కి ముడుచుకుంటుంది.

నా మెషీన్‌లో మందం 0 నుంచి 9 దాకా ఉంటుంది, 0 అన్నిటికంటే మందం. కొన్ని మెషీన్లలో అంకెలు తిరగేసి ఉంటాయి, కొనేటప్పుడు చూసుకోండి. ముందు 0 మీద పెట్టి, వచ్చిన పట్టీని మన మడత కాజాకి వేసినట్టు మడతలు వేసి మళ్లీ తోయాలి, అలా నాలుగైదు సార్లు. చాలామంది ఇది ఎగ్గొట్టేస్తారు, కానీ వేయించాక పైన లేచే ఆ బుడగలకి గ్రాప్పాతో పాటు ఈ మడతలూ కారణమే. తర్వాత 2, 4, 6, చివరికి 7, అక్కడ మందం సుమారు ఒక మిల్లీమీటరు. బల్ల మీద పరిస్తే చెక్క గీతలు పిండిలోంచి కనపడాలని మా అత్తగారి లెక్క. కర్రతో ఒకటి రెండు పట్టీలు అలా చేయగలం, కిలో పిండి చేయాలంటే భుజాలు పడిపోతాయి, పైగా ఒకచోట మందంగా మరోచోట పలుచగా వచ్చి, సగం ముక్క మాడితే మిగతా సగం మెత్తగా ఉండిపోతుంది.

వేయించడానికి వేరుశనగ నూనె, 170 డిగ్రీల దగ్గర. ముక్కకి నిమిషం కూడా పట్టదు, కాబట్టి ఒకరు మెషీన్ దగ్గర, ఒకరు పొయ్యి దగ్గర ఉండాలి. పంచదార పొడి చల్లారాకే చల్లాలి.

ఇక ఇబ్బందులు. మెషీన్‌ని బల్లకి బిగించే క్లాంప్ మందమైన అంచుకి పట్టదు, మా కొత్త వంటగది గట్టుకి పట్టనే లేదు, అందుకే పాత చెక్క బల్ల అలాగే ఉంచాం. తిప్పే పిడి మాటిమాటికీ ఊడి వస్తుంది, జోరుగా పని సాగుతున్నప్పుడు చాలా విసుగు. వెడల్పు 15 సెంటీమీటర్లే కాబట్టి పెద్ద ముక్కలు రావు, నాకైతే అది లోటుగా అనిపించలేదు. అన్నిటికంటే చిరాకు శుభ్రం చేయడం: నీళ్లు తగలకూడదు, తుప్పు పడుతుంది. ఈ పిండిలో పంచదార ఉంటుంది కనుక రోలర్ల కింద మామూలు పాస్తా పిండి కంటే ఎక్కువ అంటుకుంటుంది. వెంటనే తుడవబోతే ఇంకా పూసుకుంటుంది. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున్నే పొడి బ్రష్‌తో దులిపితే రాలిపోతుంది. కొత్త మెషీన్‌లో మొదట కాస్త పనికిరాని పిండిముద్ద తిప్పి పారేయండి, లోపలున్న నూనె మరకలన్నీ దానికి అంటుకుని వచ్చేస్తాయి.

మోటారు ఉన్నది కొనాలా అంటే, నా మటుకు అక్కర్లేదు. చేత్తో తిప్పేటప్పుడు పట్టీ చిరగబోతుంటే చేతికి తెలుస్తుంది, అక్కడే ఆపొచ్చు. ఒక్కరే చేసుకునేవాళ్లకైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి మోటారు తీసుకున్నా తప్పులేదు.