గుట్ట మీద లూర్దుమాత దగ్గర ఒక పూట

ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడ గుణదలలో జరిగే మరియమాత ఉత్సవాలకు పోవాలని అమ్మకు ఎన్నో ఏళ్లుగా కోరిక. మోకాళ్ల నొప్పులతో ఆ జనంలో ఆమె నిలబడలేదు. అందుకే పండగ అయిన మరుసటి వారం, మైదుకూరు అవతల మా పెద్దమ్మ వాళ్ల ఊరి గుట్ట మీదున్న లూర్దుమాత గుహకు తీసుకుపోయాను.

ముందురోజు రాత్రి కడపలో బస్టాండు దగ్గరి లాడ్జిలో దిగాం. 900 తీసుకున్నారు. గది శుభ్రంగానే ఉంది గానీ పొద్దున్నే వేడినీళ్లు రాలేదు. పెద్దవాళ్లతో వెళ్తే డబ్బు కట్టకముందే గీజరు వేసి చూసుకోండి. మైదుకూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. రానూపోనూ మాట్లాడుకోండి, గుట్ట దగ్గర తిరుగు బండి దొరకదు.

మెట్లన్నీ మన కడప నాపరాళ్లే. ఎండెక్కితే కాళ్లు కాలతాయి, ఎనిమిదిలోపు ఎక్కేయాలి. పట్టుకోవడానికి ఇనుప పైపు ఒక పక్కే ఉంది, రెండో పక్క కూడా వేయిస్తే ముసలివాళ్లకు ఎంతో మేలు. దారిలో సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని తలచుకుంటూ ఆగి ప్రార్థించే 14 స్థలాలు. ఒక్కో స్థలం దగ్గరా అమ్మ ఆగింది, ప్రార్థనకు కొంత, ఆయాసం తీర్చుకోవడానికి కొంత.

పైన గుహ చాలా చిన్నది. తెల్లని వస్త్రం, నీలి నడికట్టుతో మరియమ్మ స్వరూపం. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో బెర్నదెత్ అనే అమ్మాయికి కనిపించిన రూపం అదే. పాదాల దగ్గర రాతి మీద కొవ్వొత్తుల మైనం పొరలు పొరలుగా పేరుకుంది. అందులో ఒక అగ్గిపుల్ల, ఎండిన చామంతి రేకు ఇరుక్కుపోయి ఉన్నాయి. అమ్మ ఆ మైనం మీదే అరచెయ్యి ఆనించి "దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా" అని మొదలుపెట్టింది. ఆ మాటలతో మొదలయ్యే మంగళవార్త జపం, జపమాలలోని 53 సార్లూ పూర్తయ్యేదాకా "జరగండమ్మా" అన్నవాళ్లు లేరు. నేను గుణదల వెళ్లిన పండగ రోజున, తలవంచి దండం పెట్టేలోపే వెనకవాళ్లు ముందుకు తోసేశారు. అమ్మ గొంతు అంత నిదానంగా నడవడం విని నాకు కళ్లు చెమర్చాయి.

పైన తాగునీళ్లు లేవు, సీసా తీసుకుపోండి. నీడకు ఒక్క వేపచెట్టే. మరుగుదొడ్డి కింద గుడి పక్కన ఉంది, తాళం అడిగి తీయించుకోవాలి.

పెద్దమ్మ పెట్టిన రాగిసంగటి, ఊరిబిండి తిని మధ్యాహ్నం బస్సెక్కాం. సీట్లో కుదురుకున్నాక అమ్మ, అరచేతికి అంటుకున్న మైనాన్ని గోటితో మెల్లగా తీసి కొంగు చివర ముడి వేసుకుంది.