డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ఈరోజే చూసుకోండి

ఇంకా కోపం తగ్గలేదు, అయినా ఇవాళే రాస్తున్నాను. రేపటికి వాయిదా వేస్తే ఈలోగా ఇంకెవరో అదే అగ్రిమెంట్ మీద సంతకం పెట్టేస్తారేమోనని భయం.

ఏజెన్సీ పేరు రాయను. స్వచ్ఛంద సంస్థలకి వెబ్‌సైట్, ఫేస్‌బుక్ పేజీ, మెయిళ్ళు అన్నీ కలిపి ఒక్కచోటే చూసుకుంటామని తిరిగేవాళ్ళు ఎవరో మీలో చాలామందికి తెలుసు. నాలుగేళ్ళ కిందట మేమూ వాళ్ళకే ఇచ్చాం. మాది రక్తదాతల్ని, రక్తం కావాల్సిన కుటుంబాల్ని కలిపే చిన్న సంస్థ. జీతం తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు, కంప్యూటర్ పని బాగా తెలిసినవాళ్ళూ లేరు. మొదట్లో పని బాగానే చేశారు, ఆ మాట కాదనను. తర్వాత్తర్వాత ఏది అడిగినా నాన్చడం మొదలైంది. ఫారంలో ఒక్క ఫోన్ నంబరు మార్చడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పాత నంబరుకే ఫోన్లు వెళ్ళాయి. ఇక లాభం లేదని, ఈ నెలతో ఆపేస్తున్నామని, లాగిన్‌లు అప్పగించమని మెయిల్ పెట్టాం. బాకీ కూడా ఏమీ లేదు.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు నేనే ఫోన్ చేశాను. మా పని చూసే అబ్బాయి నాలుగేళ్ళుగా నన్ను "అక్కా" అనే పిలిచాడు. ఆ రోజు ఫోన్ ఎత్తగానే "చెప్పండి మేడమ్" అన్నాడు. ఆ పిలుపుతోనే నాకు ఏదో తేడాగా అనిపించింది. డొమైన్, అంటే మా సైట్ చిరునామా, దాని లాగిన్ ఎప్పుడిస్తారని అడిగాను.

"డొమైన్ మీదని ఎవరన్నారు మేడమ్? అది కంపెనీది. అగ్రిమెంట్ చూసుకోండి" అన్నాడు.

దాతల కార్డుల మీద, బ్యానర్ల మీద మేం అచ్చు వేయించుకున్న పేరు అది. "బాబూ, అది మా సంస్థ పేరు కదా" అన్నాను. నా గొంతు అప్పటికే మారిపోయింది. "పేరు మీదే కావచ్చు, డొమైన్ మాది. కావాలంటే కొనుక్కోండి, రేటు మెయిల్ చేస్తాం" అన్నాడు. నేను ఇంకా మాట్లాడుతుండగానే పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మా వాలంటీర్ ఇంకో నంబరు నుంచి చేస్తే, మా సంస్థ పేరు వినగానే కట్ చేశాడు.

అగ్రిమెంట్ తీసి చూశాను. ఆరో పేజీలో ఉంది: సేవల కోసం నమోదు చేసిన డొమైన్లు, తెరిచిన ఖాతాలు అన్నీ ఏజెన్సీకే చెందుతాయట. దాని కింద నా సంతకం ఉంది. నేను చదవకుండానే పెట్టిన సంతకం. ఈ తప్పు నాది, ఇంకెవరి మీదా నెట్టను. సంస్థలో అందరూ నన్ను నమ్మి నాకు వదిలేశారు, నేను అతన్ని నమ్మి అతనికి వదిలేశాను.

ఆ రాత్రి ఐకాన్ వాళ్ళ (డొమైన్ పేర్లకి నియమాలు పెట్టే సంస్థ) లుకప్ పేజీలో మా డొమైన్ కొట్టి చూశాను. డొమైన్ ఎవరిదో ఇలా వెతకడాన్ని ఇదివరకు హూయిజ్ అనేవాళ్ళం, 2025 జనవరి నుంచి దాని స్థానంలో ఆర్‌డ్యాప్ అనే పద్ధతి వచ్చింది. చూసేవాళ్ళకి మాత్రం పెద్ద తేడా లేదు, పేరు కొడితే వివరాలు వస్తాయి. రిజిస్ట్రెంట్ (అంటే డొమైన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు) సంస్థ అన్న గళ్ళో మా పేరు లేదు, ఏజెన్సీ పేరుంది. డొమైన్ కొన్న మొదటి రోజు నుంచీ అంతే. డబ్బు మాది, పేరు మాది, హక్కుదారు వాళ్ళు. రిజిస్ట్రెంట్ వివరాలు ఓసారి సరిచూసుకోమని రిజిస్ట్రార్, అంటే డొమైన్ నమోదు చేసే కంపెనీ, ఏడాదికి ఒక్కసారైనా మెయిల్ పంపాలి, అది ఐకాన్ నియమం. నాలుగేళ్ళలో మాకు ఒక్కటీ రాలేదు. రావాలనే సంగతే నాకు తెలియదు. తెలిసుంటే మొదటి ఏడాదే అడిగేదాన్ని.

మర్నాడు ఇంకో అబద్ధం. "డొమైన్ లాక్‌లో ఉంది, రూల్స్ ప్రకారం ఇప్పుడు కదలదు" అని మెయిల్ పెట్టారు. లుకప్‌లో నిజంగానే క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ అని కనిపించింది, నేనూ నమ్మేశాను. ఈ పని తెలిసిన ఒక మిత్రుడు చూసి చెప్పాడు: అది ఎవరూ దొంగిలించకుండా వేసుకునే మామూలు తాళం, యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయొచ్చు. కొత్తగా కొన్న డొమైన్‌నీ, రిజిస్ట్రార్ మారిన డొమైన్‌నీ 60 రోజుల దాకా మార్చకుండా ఆపే నియమం వేరే ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు. యజమాని అడిగితే, డొమైన్‌ని ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చుకోవడానికి కావాల్సిన బదిలీ కోడ్‌ని రిజిస్ట్రార్ ఐదు రోజుల్లోగా ఇచ్చి తీరాలి. కానీ ఆ అడిగే హక్కు రిజిస్ట్రెంట్‌కే. కాగితం మీద రిజిస్ట్రెంట్ వాళ్ళు. మేం రిజిస్ట్రార్‌కి ఎన్ని మెయిళ్ళు పెట్టినా వచ్చిన జవాబు అదే.

అదే సాయంత్రం సైట్ ఆగిపోయింది. దాంతోపాటు మెయిళ్ళు కూడా. ఇది నేను అస్సలు ఊహించలేదు. మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు డొమైన్ సెట్టింగుల్లోనే ఉంటుంది. డొమైన్ ఎవరి చేతిలో ఉంటే, మెయిల్ దారి వాళ్ళ చేతిలో ఉన్నట్టే. వాళ్ళు ఆ రికార్డు తీసేశారు. మర్నాడు పొద్దున్న ఒకాయన ఫోన్ చేసి, "రాత్రి రెండుసార్లు మెయిల్ పంపానమ్మా, రెండుసార్లూ తిరిగొచ్చేసింది. మీరు మూసేశారేమో అనుకున్నాను" అన్నారు. వాళ్ళకి కావాల్సింది బి నెగెటివ్. అసలే దొరకడం కష్టం. ఎవరి ద్వారానో నా సొంత నంబరు పట్టుకుని చేశారు. దాత దొరికారు, ఆయన భార్యకి ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రంతా ఆయన ఆస్పత్రిలో కూర్చుని, మాకు పంపితే తిరిగొచ్చిన మెయిల్ చూసుకుంటూ ఉన్నారు. దీనికి మాత్రం వాళ్ళని నేను క్షమించలేను.

ఫేస్‌బుక్ పేజీ సంగతి కొంచెమే చెప్తాను. పేజీ మొదలుపెట్టింది మేమే. పోస్టులు వేయడానికని వాళ్ళకి ఫుల్ కంట్రోల్ ఇచ్చాం. అది ఉన్నవాళ్ళు పేజీ తెరిచినవాళ్ళని కూడా తీసేయొచ్చు, తీసేశారు. పేజీ ఎవరెవరి చేతిలో ఉందో చూపే పేజ్ యాక్సెస్ జాబితాని ఇప్పుడు నేను చూడటానికి కూడా వీల్లేదు. దాతల మెయిల్ జాబితా వాళ్ళ ఖాతాలోనే పెట్టారు, మాకు లాగిన్ లేదు. లాగిన్ తీసుకుని, నెలకి ఒక్కసారి ఎక్స్‌పోర్ట్ నొక్కి ఆ జాబితాని సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టిక) దాచుకుని ఉంటే సరిపోయేది. స్వచ్ఛంద సంస్థలకి గూగుల్ నెలకి 10,000 డాలర్ల దాకా ఉచితంగా సెర్చ్ ప్రకటనలు ఇస్తుంది, యాడ్ గ్రాంట్స్ అంటారు. అదీ మా సైట్‌కే ముడిపడి ఉంది, కాబట్టి అదీ ఆగింది.

సైట్ పేజీలు కొన్ని వేబ్యాక్ మెషీన్‌లో, అంటే పాత వెబ్‌పేజీల నకళ్ళు దాచే సైట్‌లో, దొరికాయి. రాత్రి కూర్చుని రాతంతా కాపీ చేసుకున్నాను. ఫొటోలు సగం రాలేదు. మా సైట్ కట్టింది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీదే. ఇచ్చే ఉద్దేశం ఉంటే ఎక్స్‌పోర్ట్ చేసి ఇవ్వడం నిమిషాల పని. ఆ ఫైల్‌లో కూడా ఫొటోలు ఉండవని, పాత సైట్ నడుస్తుండగానే వాటిని లాక్కోవాలని ఇప్పుడు తెలిసింది.

డొమైన్ తగాదాలు తేల్చే ఐకాన్ పద్ధతి ఒకటుంది, యూడీఆర్‌పీ అంటారు, దాని కింద ఫిర్యాదు చెయ్యమని కొందరు చెప్పారు. చదివాను. ఆ పేరు మీద మనకి ట్రేడ్‌మార్క్ హక్కు ఉందని, అవతలివాళ్ళకి న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతోనే నమోదు చేసి వాడుతున్నారని, మూడూ నిరూపించాలి. మేం ట్రేడ్‌మార్క్ నమోదు చేయించలేదు. పైగా వాళ్ళు డొమైన్ నమోదు చేసింది మా పని కోసమే, అప్పుడు దురుద్దేశం ఉందని చూపించడం కష్టం. అగ్రిమెంట్ మీద లాయర్‌తో మాట్లాడుతున్నాం. డొమైన్ కొనుక్కోం. అలా కొంటే రేపు ఇంకో సంస్థకి ఇదే చేస్తారు.

మీరు ఇవాళ చెయ్యాల్సింది ఒక్కటే: లుకప్‌లో మీ డొమైన్ కొట్టి చూడండి. మీ పేరు లేకపోయినా, వివరాలు దాచి ఉన్నా, అప్పుడే అడగండి. సంబంధాలు బాగున్నప్పుడైతే మార్చి ఇస్తారు. రిజిస్ట్రార్ ఖాతా సంస్థ మెయిల్‌తోనే తెరవండి, అయితే ఆ మెయిల్ అదే డొమైన్ మీద ఉండకూడదు, లేకపోతే మాలాగా రెండూ ఒకేసారి పోతాయి. పేజీకి ఏజెన్సీని కావాల్సిన పనుల వరకే అనుమతించండి, ఫుల్ కంట్రోల్ మీ మనుషులు ఇద్దరి దగ్గర ఉంచుకోండి.

మా రక్తదాతలు, కుటుంబాలు ఎవరైనా ఇది చదువుతుంటే, గత వారంలో పాత అడ్రస్‌కి పంపిన మెయిళ్ళు మాకు అందలేదు. మీ కార్డు వెనక ఉన్న వాలంటీర్ నంబరు పనిచేస్తోంది. రాత్రయినా సరే, దానికే ఫోన్ చెయ్యండి.