మెలకువగా మెదడు ఆపరేషన్: నిద్రపుచ్చి లేపడం మేలా, తేలికపాటి మత్తు మేలా?

గుంటూరులో పేషెంటు సినిమా చూస్తుండగానే మెదడులో గడ్డ తీశారని వార్త వచ్చినప్పటి నుంచీ మత్తు డాక్టర్లను అందరూ అడిగేది ఒకటే: "అయితే మత్తే ఇవ్వరా?" ఇస్తాం. గడ్డ తీసేటప్పుడు మాటకు సంబంధించిన చోటు దెబ్బతినకుండా చూసుకోవడానికే పేషెంటు మెలకువగా ఉండాలి. మత్తు ఎప్పుడు, ఎంత అన్న దగ్గరే పద్ధతులు వేరవుతాయి.

మొదటిది నిద్ర, మెలకువ, మళ్లీ నిద్ర. ప్రొపొఫాల్, రెమిఫెంటానిల్ అనే మందులతో పూర్తిగా నిద్రపుచ్చి, ఊపిరి ఆడేందుకు గొంతులో లారింజియల్ మాస్క్ అనే గొట్టం పెట్టి, పుర్రె తెరిచాక లేపుతారు. రెండోదాంట్లో మొదటి నుంచీ తేలికపాటి మత్తే, ఈమధ్య ఎక్కువగా డెక్స్‌మెడెటోమిడిన్ అనే మందు. గొట్టం ఉండదు. పేషెంటు తనే ఊపిరి తీసుకుంటాడు, పిలిస్తే పలుకుతాడు.

రెండింట్లోనూ నొప్పిని ఆపేది ప్రధానంగా స్కాల్ప్ బ్లాక్, అంటే తల చర్మాన్ని మొద్దుబార్చే ఇంజెక్షన్లు. కనుబొమల పైనుంచి చెవుల ముందుగా తల వెనక్కి, రెండు వైపులా నరాల దగ్గర బుపివకైన్ గానీ రోపివకైన్ గానీ ఇస్తాం. మెదడుకు నొప్పి తెలీదు. తల చర్మానికీ, మెదడు పైపొర డ్యూరాకీ బాగా తెలుస్తుంది. బ్లాక్ సరిగా పడకపోతే ఏ పద్ధతైనా తలనొప్పే, మాక్కూడా.

నిద్రపుచ్చితే ఎముక కోసే డ్రిల్లు చప్పుడు పేషెంటు వినక్కర్లేదు. టెన్షన్ ఎక్కువగా ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కానీ నా లెక్కలో అసలు సంగతి లేపే సమయం. తల పిన్నులతో బిగించి ఉంటుంది, మెడ పక్కకు తిరిగి ఉంటుంది, పైన గుడ్డలు. అలాంటప్పుడు మాస్క్ తీయగానే గట్టిగా దగ్గితే మెదడు ఉబికి పైకి వస్తుంది. మగతలో ఎక్కడున్నాడో తెలీక లేవబోతే మరీ ప్రమాదం. సరే, లేచాడు. గొడుగు బొమ్మ చూపించి "ఇదేంటి?" అంటాం. సర్జన్ సన్నటి కరెంటు తాకించగానే "ఇది... ఇది..." అని ఆగిపోతే, అది మాటకు సంబంధించిన చోటని అక్కడ నంబరు చీటీ పెడతారు, దాన్ని ముట్టుకోరు. మరి ఆగింది కరెంటు వల్లా, వదలని మత్తు వల్లా? అది తేలకపోతే పేషెంటును మెలకువగా ఉంచి ఏం లాభం? అందుకే నా ఓటు తేలికపాటి మత్తుకే. డెక్స్‌మెడెటోమిడిన్ మీదున్న మనిషి చాలావరకు తేటగా లేస్తాడు.

దీనికీ ఇబ్బందులున్నాయి. గుండె వేగం, బీపీ తగ్గుతాయి. నొప్పి అంటున్నాడని ఫెంటానిల్ లాంటి నొప్పి మందులు పెంచుకుంటూ పోతే ఊపిరి మందగిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ పెరిగి మెదడు వాస్తుంది. ఇందాక చెప్పిన కరెంటు పరీక్షలో (మ్యాపింగ్) ఫిట్స్ రావడం రెండు పద్ధతుల్లోనూ ఉన్నదే. మెదడు మీద చల్లటి సెలైన్ పోస్తే చాలాసార్లు అక్కడికక్కడే ఆగిపోతాయి.

మత్తు మందు అసలే లేకుండా, బ్లాక్‌తో, మాటలతో నడిపించేవాళ్లూ ఉన్నారు. ఫ్రాన్స్‌లోని టూర్ నగరంలో హిప్నోసిస్ కూడా వాడారు. అందుకు తగ్గ టీమూ, పేషెంటూ దొరకాలి.

బాగా లావుగా ఉండి, గట్టిగా గురకపెట్టేవాళ్లకు నేను చెప్పిన పద్ధతి కూడా నప్పదు. కొద్దిపాటి మత్తుకే గొంతు మూసుకుపోవచ్చు. అలాంటప్పుడు మెలకువ ఆపరేషనే వద్దనాల్సి రావచ్చు. గురక సంగతి పేషెంటుకు తెలీదు కాబట్టి, ముందు చెకప్‌కి వచ్చేటప్పుడు పక్కన పడుకునేవాళ్లను వెంట తీసుకురండి.