పట్టాల పక్క ఇంటికి జంట అద్దాల కిటికీ: పదకొండు నెలల వాడకం తర్వాత

నేరేడ్‌మెట్ స్టేషనుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, మౌలాలి–సనత్‌నగర్ రైలు మార్గానికి దాదాపు ఆనుకునే ఉన్న అపార్ట్‌మెంటు మాది. మూడో అంతస్తులోని మా పడకగది కిటికీకీ దగ్గరి పట్టాలకూ మధ్య నలభై మీటర్ల ఎడం కూడా ఉండదు. మేము ఫ్లాటు కొన్ననాటికి ఇది ఒంటి లైను. సికింద్రాబాద్ స్టేషన్ రద్దీలోకి పోకుండా పక్కదారిన వెళ్లే గూడ్సు బళ్లే దీని మీద ఎక్కువగా తిరిగేవి. తర్వాత రెండో లైను వేసి, కరెంటు తీగలు లాగి, 2024 మార్చి 5న హైదరాబాద్ లోకల్ రైలైన ఎంఎంటీఎస్‌ను ఘట్‌కేసర్–లింగంపల్లి మధ్య ఈ దారిన ప్రారంభించినప్పుడు ప్రయాణికుడిగా సంతోషించాను గానీ, తెల్లవారుజామున నిద్ర పట్టేవాడిగా కాస్త దిగులుపడ్డాను. పట్టాలు మా ఇంటి పక్కకు రాలేదు, మేమే వాటి పక్కకు వచ్చాం కాబట్టి రైల్వేను తిట్టుకునే హక్కు నాకు లేదు. చేయగలిగిందల్లా కిటికీ మార్చుకోవడమే అనిపించి, పడకగదిలోని రెండు అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు తీయించి జంట అద్దాల యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) కిటికీలు పెట్టించాను. ఒక్కొక్కటి ఐదడుగులకు నాలుగడుగులు; పాతవి తీయడం, కొత్తవి బిగించడం, జీఎస్టీ అన్నీ కలిపి 48 వేల రూపాయలయ్యాయి.

ముందుగా ఆ కిటికీలో ఏముందో చెప్పాలి. బయటివైపు 6 మిల్లీమీటర్ల అద్దం, మధ్యలో 12 మిల్లీమీటర్ల గాలి ఖాళీ, లోపలివైపు రెండు 4 మిల్లీమీటర్ల అద్దాలను పారదర్శకమైన ప్లాస్టిక్ పొరతో అతికించిన లామినేటెడ్ అద్దం ఉన్నాయి. రెండు వైపులా ఒకే మందం అద్దం వేస్తే రెండూ ఒకే రకపు శబ్దం దగ్గర బలహీనపడి దానిని లోపలికి వదులుతాయి. మందాలు వేరైతే ఒకదాని లోపాన్ని మరొకటి కప్పుతుంది. షాపువాళ్లు మధ్య ఖాళీలో ఆర్గాన్ వాయువు నింపితే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుందని చెప్పి అదనంగా డబ్బు అడిగారు. ఆర్గాన్ వేడిని కొంత ఆపుతుందే తప్ప చప్పుడు విషయంలో చెప్పుకోదగ్గ తేడా తేదు కాబట్టి నేను వద్దన్నాను. మీరూ నిస్సంకోచంగా వద్దనవచ్చు.

బిగించిన మొదటి రాత్రి నాకు ఏడుపొక్కటే తక్కువ. పన్నెండు దాటాక వచ్చిన గూడ్సు, డబ్బు ఖర్చు పెట్టని రోజుల్లో ఎలా వినిపించేదో ఇంచుమించు అలాగే వినిపించింది. మర్నాడు ఫోన్ చేస్తే, "కొత్తది కదా సార్, రెండ్రోజులు పోతే సెట్ అయితది" అన్నాడు బిగించిన కుర్రాడు. కిటికీ ఏమైనా కొత్త చెప్పులా, వాడగా వాడగా సర్దుకోవడానికి? ఆ సాయంత్రం అగరొత్తి వెలిగించి ఫ్రేము చుట్టూ మెల్లగా తిప్పాను. మూడు వైపులా పొగ నిటారుగానే లేచింది. ఎడమ కింది మూల దగ్గరకు వచ్చేసరికి ఎవరో ఊదినట్టు గదిలోకి వాలింది. అక్కడ ఫ్రేముకూ గోడకూ మధ్య చిటికెనవేలు దూరేంత సందు ఉంది. లోపల ఫోమ్ నింపకుండానే పైన సన్నగా సిలికాన్ గీత గీసి, తెల్లటి పట్టీ అంటించి వెళ్లిపోయారు. చప్పుడుకు గాలి పోయే దారి ఉంటే చాలు, ఎంత మందం అద్దం పెట్టినా ఆ డబ్బు వృథాయే. మూడుసార్లు అడిగించుకున్నాక మళ్లీ వచ్చి, పట్టీ ఊడదీసి, ఫోమ్ దట్టించి, లోపలా బయటా సిలికాన్ వేశారు. నేను నిజంగా కొత్త కిటికీని విన్నది ఆ రాత్రే.

రైలు మోత అని ఒక్క మాటలో అంటాం గానీ, పక్కన కాపురం ఉన్నవాళ్లకు అందులో వేరువేరు చప్పుళ్లు తెలుస్తాయి. చక్రం పట్టాను రాసుకునే గరగర, అతుకుల దగ్గర టకటక ఒక రకం. వీటి మీద ఈ కిటికీ పనితనానికి వంక పెట్టలేను. ఎంఎంటీఎస్ వెళ్లిందన్న సంగతి ఇప్పుడు పరదా పక్కన దీపాల వెలుగు కదిలితేనే తెలుస్తోంది. హారన్ రెండో రకం. మా వైపు పట్టాలు దాటేవాళ్లు ఎక్కువ కావడంతో డ్రైవర్లు గట్టిగానే మోగిస్తారు, వాళ్లను తప్పుపట్టలేం. హారన్ ఇప్పటికీ వినిపిస్తుంది, అయితే చెవిలో గుచ్చుకునే వాడితనం పోయి, రెండు వీధుల అవతల మోగినట్టు ఉంటుంది. ఫోన్‌లోని యాప్ చూపే అంకెలను నేను పూర్తిగా నమ్మను. అదే ఫోన్‌ను అదే మంచం మీద పెట్టి పాత కిటికీ మూసినప్పుడూ కొత్తది మూసినప్పుడూ చూస్తే మాత్రం పది, పన్నెండు డెసిబెళ్ల తేడా కనబడింది. పది డెసిబెళ్లు తగ్గితే చెవికి చప్పుడు దాదాపు సగమైనట్టు అనిపిస్తుందంటారు. నా అనుభవమూ అంతే.

మూడో రకం దగ్గర ఈ కిటికీ చేతులెత్తేసింది. అప్పుడప్పుడు డీజిల్ ఇంజిన్ ఒకటి సిగ్నల్ కోసం మా ఎదురుగా ఆగి అలాగే గురగురమంటూ ఉంటుంది. ఆ లోగొంతు రొద అద్దాన్ని లెక్కచేయదు, ఎందుకంటే అంత మంద్రమైన శబ్దాన్ని ఆపడానికి 12 మిల్లీమీటర్ల ఖాళీ ఏ మూలకూ చాలదు. ఇక నిండు లోడుతో గూడ్సు పోతున్నప్పుడు నేలగుండా వచ్చే అదురు కిటికీకి సంబంధించిన వ్యవహారమే కాదు. వంటింటి గూట్లో ఒకదానిలో ఒకటి పేర్చిన స్టీలు గిన్నెలు ఇప్పటికీ సన్నగా గలగలలాడుతూనే ఉన్నాయి. మా అత్తగారు వాటి మధ్య పాత బనియన్ గుడ్డ ముక్కలు పెట్టి నాకన్నా చవకగా ఆ సమస్యను తీర్చారు.

నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెళ్లు మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. షాపువాళ్లు తమ కిటికీ వేస్తే ఆ 45 లోపే ఉంటుందని కాగితం మీద రాసి చూపారు. ఆ లెక్క కొంత సేపటి సగటుకు సంబంధించినది. గంటలో రెండు నిమిషాలు మోగి మిగతా సేపు ఊరుకునే రైలు సగటులో సాధువులా కనబడుతుంది, నిద్ర చెడగొట్టేది మాత్రం ఆ రెండు నిమిషాలే. కాబట్టి అమ్మేవాళ్లు సగటు చెబితే, రైలు పోతున్న క్షణాన లోపల ఎంత ఉంటుందో అడగండి.

వాడకంలో తెలిసిన ఇబ్బందులు మరో రెండున్నాయి. బయట ఇనుప గ్రిల్లు ఉండటంవల్ల ఈ కిటికీ తలుపులు లోపలికే తెరుచుకోవాలి, తెరిచిన ప్రతిసారీ పరదా పక్కకు లాగాలి, దోమల మెష్‌కు సరైన చోటు దొరకదు. రెండోది గాలి. రబ్బరు పట్టీలు బిగుసుకుని మూసుకుంటాయి గనుక తలుపులన్నీ వేసుకుని పడుకుంటే తెల్లారేసరికి గది ఉక్కగా, బరువుగా అనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ ఎలాగూ తప్పదు, కానీ హాయిగా కిటికీ తెరుచుకుని పడుకోవలసిన డిసెంబరులో కూడా మూసుకోవడం కొంచెం బాధే.

కిటికీకి ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. బిగించిన పనికి ఒకటిన్నర మించి ఇవ్వలేను. డబ్బంతా చెల్లించకముందే అగరొత్తి పరీక్ష చేసి ఉంటే నాకు మూడు వారాలు కలిసొచ్చేవి. పిల్లల గదికి ఇదే కిటికీ మళ్లీ పెట్టించడం లేదు. మా బయటి గోడ తొమ్మిదంగుళాల మందం కాబట్టి, పాత స్లైడింగ్ కిటికీని ఉన్నచోటే ఉంచి, లోపలివైపు బెత్తెడు ఎడంలో ఒకే లామినేటెడ్ అద్దంతో రెండో కిటికీ బిగించమని వేరే షాపులో అడిగాను. అంత ఖాళీ ఉంటే ఆ డీజిల్ గురగుర కూడా కొంత తగ్గవలసిందే. వచ్చి కొలతలు తీసుకున్నారు, దాదాపు సగం ధర చెప్పారు. అడ్వాన్సు ఇచ్చాను, ఫోమ్ నింపేటప్పుడు నేను పక్కనే నిలబడి చూస్తానని కూడా చెప్పాను.