అడ్వాన్స్, ఇన్‌వాయిస్, రిమైండర్: ఆరేళ్లు వాడి చూశాక

"పేమెంట్ ప్రాసెస్‌లో ఉందండి." ఫ్రీలాన్స్ డిజైనర్‌గా మొదటి మూడేళ్లలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. నమ్మి వారం ఆగేదాన్ని, మళ్లీ మెసేజ్ పెట్టేదాన్ని, మళ్లీ అదే జవాబు. నా డబ్బు నేను అడగడానికే మొహమాటం, నెలాఖరు వచ్చిందంటే టెన్షన్. చివరికి డబ్బు విషయం పని మొదలుపెట్టకముందే తేల్చుకునే పద్ధతికి మారాను. అలా మారి ఆరేళ్లయింది.

ఇందులో నాకు బాగా పనికొచ్చింది అడ్వాన్స్. కొత్త క్లయింటైతే 50 శాతం ఖాతాలో పడ్డాకే ఫైల్ తెరుస్తాను. పెద్ద పనైతే 40, 30, 30 చొప్పున మూడు విడతలు. చివరి విడత ఫైనల్ ఫైళ్లు ఇవ్వడానికి ముందే రావాలి. అడ్వాన్స్ మాట ఎత్తగానే మాయమైపోయిన వాళ్లూ ఉన్నారు. మొదట్లో బాధపడ్డాను, ఇప్పుడు పడటం లేదు. అడ్వాన్స్ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మన పేరు, బ్యాంకు వివరాలు వాళ్ల అకౌంట్స్‌లో మొదట్లోనే ఎక్కుతాయి. లేకపోతే పనంతా అయ్యాక వెండర్ ఫారం పంపి నింపమంటారు, అక్కడే రెండు మూడు వారాలు పోతాయి.

ఒక కంపెనీకి బ్రోషర్ చేసినప్పటి సంగతి చెప్పాలి. ఇన్‌వాయిస్‌ని మార్కెటింగ్‌లో నాతో మాట్లాడే అమ్మాయికి పంపాను. గడువు 30 రోజులు. 72వ రోజున, ఇక ఆగలేక, అకౌంట్స్ నంబరు అడిగి తీసుకుని ఫోన్ చేశాను. అవతల ఆయన కాసేపు వెతికి, "మీ బిల్లు సిస్టంలోకి ఎక్కలేదమ్మా, దాని మీద పీఓ నంబరు లేదు" అన్నారు. పీఓ అంటే పర్చేజ్ ఆర్డర్, పని అప్పగిస్తూ కంపెనీ ఇచ్చే ఆర్డరు కాగితం. ఎవరూ కావాలని ఆపలేదు, ఎవరూ నాకు చెప్పనూ లేదు. నంబరు వేసి పంపితే తొమ్మిది రోజుల్లో డబ్బు పడింది. రెండు నెలలకు పైగా నేను రాత్రిళ్లు మథనపడింది ఆ ఒక్క నంబరు కోసం.

అప్పటి నుంచి కొటేషన్ పంపేటప్పుడే అడుగుతున్నాను: బిల్లు ఎవరికి పంపాలి, పీఓ కావాలా, అప్రూవల్ ఎవరిది, నెలలో ఏ తేదీల్లో చెల్లింపులు చేస్తారు? చాలా కంపెనీలు చెల్లింపులన్నీ కలిపి ఒకేసారి చేస్తాయి, ఆ తేదీ తప్పితే మళ్లీ వచ్చేదాకా ఆగాల్సిందే. "నెట్ 30", అంటే 30 రోజుల్లో చెల్లించాలి అని రాయడం కూడా మానేశాను. ఆ 30 రోజులు బిల్లు తేదీ నుంచా, వాళ్లకు అందిన రోజు నుంచా, నెలాఖరు నుంచా అన్నది ఎవరికి నచ్చినట్టు వాళ్లు లెక్కేసుకుంటారు. ఇప్పుడు ఫలానా తేదీలోగా అని తేదీయే రాస్తున్నాను.

గడువుకు మూడు రోజుల ముందు ఒక రిమైండర్, దాటిన మర్నాడు ఒకటి, వారం తర్వాత ఇంకొకటి, అప్పటికీ రాకపోతే ఫోన్. ఇంతకుముందు "వీలైతే ఒకసారి చూడండి" అని రాసేదాన్ని. ఇప్పుడు ఇలా రాస్తాను: "నమస్తే అండి. 118 నంబరు ఇన్‌వాయిస్ గడువు నిన్నటితో ముగిసింది. ఏ రోజు జమ అవుతుందో చెప్పగలరా? బిల్లు మళ్లీ జతచేస్తున్నాను." తేదీ అడిగితే తేదీతోనే జవాబు వస్తోంది. సాఫ్ట్‌వేర్ తనంతట తానే పంపే రిమైండర్లు రెండేళ్లు వాడి ఆపేశాను. ఒక క్లయింట్ ఇంట్లో మనిషి పోయిన వారంలో ఆయనకు మూడు వెళ్లాయి. ఆ సంగతి తెలిసి చాలా సిగ్గనిపించింది.

ఆలస్యమైతే నెలకు 1.5 శాతం అదనం అన్న షరతు కాంట్రాక్టులో ఉంది కానీ, నిజంగా వసూలు చేసింది రెండుసార్లే. దానికంటే ఫైళ్లు నా దగ్గర ఉంచుకోవడమే బలం. బ్యాలెన్స్ వచ్చేదాకా వాటర్‌మార్క్ వేసిన చిన్న సైజు ఫైళ్లే పంపుతాను, హక్కులు కూడా పూర్తి డబ్బు అందాకే మారతాయని ముందే రాసి ఉంటుంది. ఒకాయన రాత్రి పది గంటలకు ఫోన్ చేసి, పొద్దున్నే ప్రింట్‌కి వెళ్లాలి, ఫైల్ పంపమన్నారు. "బ్యాలెన్స్ పడగానే లింక్ వస్తుందండి" అన్నాను. ఇరవై నిమిషాల్లో డబ్బు పడింది. ఆయనతో ఇప్పటికీ పనిచేస్తున్నాను.

ఈ పద్ధతి పెద్ద కంపెనీల దగ్గర అంతగా నడవదు. అడ్వాన్స్ ఇవ్వరు, 60 రోజుల గడువు మార్చరు. అలాంటి పని ఒకసారికి ఒకటే ఒప్పుకుంటాను, అది పూర్తి చేసి డబ్బు చేతికొచ్చేదాకా రెండోది ముట్టుకోను. ఒక చిన్న సంస్థ నుంచి మాత్రం బ్యాలెన్స్ ఇప్పటికీ రాలేదు. నోటీసు ఖర్చే బిల్లును మించేలా ఉండటంతో వదిలేశాను.

పాత క్లయింట్ల దగ్గరే నాకు ఇంకా కష్టం. తెలిసినవాళ్లే కదా అని ఒకరి దగ్గర ఈసారి అడ్వాన్స్ అడగలేదు. ఆ బిల్లు గడువు దాటి ఇవాళ్టికి 19 రోజులు. రేపు ఉదయం ఫోన్ చేస్తున్నాను.