లేపించిన హైలక్స్‌కు బంప్ స్టాప్: రబ్బరు, ఫోమ్, హైడ్రాలిక్‌లలో ఏది మేలు?

టొయోటా హైలక్స్ పికప్ బండి ఎత్తును రెండంగుళాలు లేపించుకునేవారు (దీన్నే లిఫ్ట్ అంటారు) స్ప్రింగుల గురించి, టైర్ల గురించి నెలల తరబడి ఆరా తీస్తారు గానీ, చాసిస్ కింద యాక్సిల్‌కు ఎదురుగా వేలాడే బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మె సంగతి మాత్రం షాక్ అబ్జార్బరు నుంచి నూనె కారిన రోజున గాని పట్టించుకోరు. చక్రం పైకి లేచేటప్పుడు షాక్ పూర్తిగా ముడుచుకుపోకముందే, టైరు ఫెండరును రాసుకోకముందే ఆ కదలికను ఆపడం దాని పని.

ఏ రకం కొనాలన్న ప్రశ్న కంటే ముందు ఎత్తు తేలాలి. రెండంగుళాల లిఫ్ట్‌కు బంప్ స్టాప్ వెనుక రెండంగుళాల స్పేసరు (నడుమ ఇరికించే పలక) అనే లెక్క, వెనుక కమాను పట్టీలకూ యాక్సిల్‌కూ నడుమ దిమ్మె పెట్టి లేపినప్పుడు సరిపోతుంది; ఎందుకంటే బంప్ స్టాప్‌ను పాత చోటే వదిలేస్తే పట్టీలు ఆ రెండంగుళాల మేర అదనంగా వంగవలసి వస్తుంది. పొడవాటి షాకులు వేసినప్పుడు మాత్రం పాత షాకుకూ కొత్త షాకుకూ ముడుచుకున్నప్పటి పొడవులో ఎంత తేడా ఉందో కొలిచి, కనీసం ఆ మేరకు స్టాప్‌ను దించాలి. ముందువైపు కాయిలోవర్ (షాక్ చుట్టూ స్ప్రింగు ఉండే కూర్పు) నెత్తిన 25 మి.మీ. స్పేసరు వేస్తే చక్రం దగ్గర దాదాపు రెండింతల లిఫ్ట్ వస్తుంది, అయితే షాక్ కూడా ఆ మేరకు ముందుగానే పూర్తిగా ముడుచుకుపోతుంది.

ఎత్తు తేలాక రకం. బండి నిలబడి ఉండగా వెనుక షాక్ ముడుచుకోవడానికి ఇంకా 120 మి.మీ. మిగిలి ఉందనీ, చివర 12 మి.మీ. వదిలేయాలనీ, షాక్ యాక్సిల్‌తో సమానంగా కదులుతుందనీ అనుకుందాం. 90 మి.మీ. రబ్బరు స్టాప్ సగానికి నలిగేదైతే చక్రం 63 మి.మీ. లేచాక తగిలి, మిగతా 45 మి.మీ.లోనే దెబ్బనంతా మోయాలి. అదే ఎత్తున్న మైక్రోసెల్యులార్ (సన్నని గాలి బుడగలతో నిండిన) పాలీయురేథేన్ ఫోమ్ మూడోవంతుకు నలిగేదైతే 48 మి.మీ. దగ్గరే మెత్తగా అందుకుని, 60 మి.మీ. పొడవునా బిగుసుకుంటూ పోతుంది. గట్టి పాలీయురేథేన్ దిమ్మె దాదాపు నలగదు; దాన్ని స్పేసరుగా వాడుకోవడమే మంచిది.

నూనె, నైట్రోజన్ నింపిన హైడ్రాలిక్ స్టాప్ దెబ్బ వేగాన్ని బట్టి ఎదురునిలిచి, తిరిగి ఎగరేయకుండా శక్తిని మింగేస్తుంది. మెక్సికోలోని బాహా వంటి ఎడారి కారు పందేల్లో దానికి సాటి లేదు. కానీ చాసిస్‌కు బ్రాకెట్లు వెల్డు చేయించాలి, సీళ్లు మార్పించాలి, పీడనం సరిచూడాలి. టైర్లలో నైట్రోజన్ కొట్టే షాపుకు వెళ్తే ఆ పని జరగదు. సామాను వేసుకుని రాళ్ల దారుల్లో నెమ్మదిగా నడిపే బండికి అంత ఖర్చు దండగని నా అభిప్రాయం. సరిగ్గా కొలిచి వేసిన ఫోమే మేలు. ఎప్పుడూ నిండు బరువుతో తిరిగే బండి ఫోమ్ మీదే కూర్చుండిపోతుంటే, కమాన్లను బలపరచడమే దానికి మందు.

కొలిచేటప్పుడు కమానులో పెద్దపట్టీ ఒక్కటే ఉంచి, మొదట రెండు చక్రాలనూ కలిపి, తర్వాత ఒక్కొక్కదాన్ని విడిగా జాకీతో లేపి చూడాలి, ఎందుకంటే టైరు వాలిన తీరును బట్టి అది తగిలే చోటు మారుతుంది. బిగించాక షాక్ కడ్డీకి ఒక ప్లాస్టిక్ టై చుట్టి దారిమీద తిప్పి రండి: అది చివరి 12 మి.మీ.లోకి జారితే స్టాప్ వెనుక ఇంకో పలక వేయాలి, ఎంత గట్టి గుంతలో పడ్డా దాని దరిదాపులకు కూడా రాకపోతే, టైరు దేనికీ తగలడం లేదని చూసుకుని, ఒకటి తీసేయాలి.